భర్త సంతకం సంగతి తర్వాత, ముందు ఆ స్కానింగ్ రిపోర్టు వెతకండి

ప్రశ్న: నా వయసు 36. పెళ్లైన తొమ్మిదేళ్లకు కవలలు నిలిచారు. ఇప్పుడు పదిహేడో వారం అంటున్నారు. మూడో నెలలో రక్తం తీసి చేసిన జన్యు పరీక్షలో డౌన్ సిండ్రోమ్‌కి 'హై రిస్క్' అని వచ్చింది. ఇద్దరిలో ఎవరికో చెప్పలేదు. ఉమ్మనీరు తీసి పరీక్ష చేయాలంటున్నారు డాక్టరుగారు. సూది వేస్తే ఇద్దరూ పోతారేమోనని మావారు ఒప్పుకోవడం లేదు. ఆయన సంతకం లేనిదే పరీక్ష చేయం అంటున్నారు ఆసుపత్రివాళ్లు. కాదని చేయించుకుంటే విడాకులిస్తానని, ఆసుపత్రి మీద కేసు పెడతానని ఆయన. మా బంధువు ఒకాయన, ఇంటికొచ్చి రక్తం తీసుకుని విదేశీ ల్యాబుకి పంపే మనిషి ఉన్నాడని, ఫారాల గొడవ ఉండదని, ఆడో మగో కూడా చెప్పేస్తారని అంటున్నాడు. మొదటి స్కానింగ్ కాగితాలు ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయాయి. రక్తపరీక్షకి దేనిమీద సంతకం పెట్టానో గుర్తులేదు. రాత్రిళ్లు నిద్ర లేదు. నేను చేయాలనుకుంటున్నది పాపమా? భర్త సంతకం తప్పనిసరా? ముందే వివరంగా చెప్పని డాక్టరు మీద కేసు వేయొచ్చా? – ఒక సోదరి

జవాబు: పాపపుణ్యాల లెక్క తేల్చడానికి నేను తగినవాణ్ని కాను. మీ మూడో ప్రశ్నకు తొందర లేదు. రెండోదానికి జవాబు ఒక్క ముక్కలో ఉంది, చెబుతాను. కానీ మీరు అడగని ప్రశ్న ఒకటుంది, మిగతావన్నీ దానిమీదే ఆగి ఉన్నాయి. ఇవాళ్టికి మీకు సరిగ్గా ఎన్ని వారాలు? కవలలిద్దరికీ మాయ, అంటే కడుపులో బిడ్డకు ఆహారం అందించే ప్లాసెంటా, ఒకటా, రెండా? ఈ రెండూ రాసి ఉండేది మీరు పోగొట్టుకున్న ఆ మొదటి స్కానింగ్ రిపోర్టులోనే.

ఇల్లు మారేటప్పుడు పెళ్లి ఆల్బమ్ పోదు, టీవీ వారంటీ కార్డు పోదు, కడుపులో బిడ్డల కాగితం మాత్రం పోతుంది. మీ ఒక్కరినే అనడం లేదు లెండి, నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇంతే. ఇప్పుడు మళ్లీ స్కానింగ్ తీయించుకుంటే సరిపోదా అంటారేమో. పూర్తిగా సరిపోదు. రెండు మాయలున్నా నెలలు గడిచేకొద్దీ అవి అంటుకుపోయి ఒకటిలా కనబడొచ్చు. పద్నాలుగో వారంలోపు తీసిన స్కానింగ్‌లో తెలిసినంత స్పష్టంగా తర్వాత తెలియదు. వారాల లెక్కా అంతే. మూడో నెలలో పిండం పొడవు కొలిచి, కవలలైతే పెద్ద బిడ్డ కొలతను పట్టి చెప్పే లెక్కే గట్టిది. బహిష్టు తేదీ లెక్కకూ దానికీ వారం తేడా రావడం మామూలే. మీ విషయంలో ఆ వారం చాలా ఖరీదైనది.

మాయ సంగతి ఎందుకంటే, ఒకే మాయ పంచుకునే కవలలు ఒకే అండం నుంచి విడిపోయినవాళ్లు. ఎంతో అరుదుగా తప్ప ఇద్దరి క్రోమోజోములూ ఒకటే, కాబట్టి డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోము ఎక్కువై వచ్చే లోపం) ఉంటే ఇద్దరికీ ఉంటుంది, లేకపోతే ఇద్దరికీ ఉండదు. రెండు మాయలైతే ఒకరికి ఉండి మరొకరికి లేకపోవచ్చు. మీ రక్తపరీక్ష చూసింది తల్లి రక్తంలో తిరిగే మాయ తాలూకు డీఎన్ఏ ముక్కల్ని. ఇద్దరివీ అందులో కలిసే ఉంటాయి, అందుకే ఎవరికో చెప్పలేదు. అది ల్యాబు చేసిన తప్పు కాదు. పైగా అది అనుమానం చెప్పే పరీక్షే, రోగనిర్ధారణ కాదు. ఆ ఒక్క కాగితం పట్టుకెళ్తే, గర్భస్రావానికి అనుమతి తేల్చే డాక్టర్ల బృందం, అంటే మెడికల్ బోర్డు, మీకు ఏ నిర్ణయమూ ఇవ్వదు.

ఇక వారాలు. గర్భం తీయించుకోమని నేను చెప్పడం లేదు. తెలుసుకుని మనసు కుదుటపరచుకోవడానికి పరీక్ష చేయించుకునేవాళ్లూ ఉంటారు, చట్టం దానికి అడ్డు రాదు. కానీ నిర్ణయం మీ చేతిలో ఉండాలంటే గడువు తెలియాలి. 1971 నాటి గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించారు, ఆ ఏడాది సెప్టెంబరు 24 నుంచి అమల్లో ఉంది. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అదీ నియమాల్లో రాసిన కారణాల్లో మీది పడితేనే. పుట్టబోయే బిడ్డకు తీవ్రమైన వైకల్యం వచ్చే ప్రమాదం గణనీయంగా ఉండటం ఆ కారణాల్లో ఒకటి. 24 దాటితే మెడికల్ బోర్డు, అదీ పిండంలో గణనీయమైన లోపం ఉందని బోర్డు తేలిస్తేనే. బోర్డు మూడు రోజుల్లో చెప్పాలి, అనుమతిస్తే దరఖాస్తు అందిన ఐదు రోజుల్లోపు పని జరగాలి. డౌన్ సిండ్రోమ్ అనగానే అనుమతి దానంతటదే వస్తుందనుకోకండి, చట్టంలో జబ్బుల జాబితా ఏదీ లేదు. 2023 అక్టోబరులో 26 వారాలు దాటిన ఒకామెకు సుప్రీంకోర్టు అనుమతి నిరాకరించింది. పిండంలో లోపం లేదు, తల్లి ప్రాణానికి తక్షణ ప్రమాదం లేదు అన్నది కారణం.

ఇప్పుడు మీరే లెక్కేయండి. ఇవాళ పదిహేడు. సూది పరీక్షకు వచ్చే వారం తేదీ దొరికిందనుకుందాం. త్వరగా చెప్పే పరీక్ష ఫలితం కొద్ది రోజుల్లో వస్తుంది గానీ, పూర్తి క్రోమోజోముల రిపోర్టుకు రెండు మూడు వారాలు. అప్పటికే ఇరవై దాటుతుంది. మావారు మెత్తబడేదాకా ఆగుదాం అనుకుంటే ఇరవై నాలుగు వచ్చి కూర్చుంటుంది. సివిల్ దావాలకు కాలపరిమితి మూడేళ్లు, పన్నెండేళ్లు అని లెక్కగడతాం. మీ కాలపరిమితి ఏడు వారాలు. ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టుకునే వీలు కూడా దీనికి లేదు.

సంతకం సంగతి. పుట్టబోయే బిడ్డల పరీక్షలను నియంత్రించే 1994 చట్టం, సెక్షన్ 5, గర్భిణి రాతపూర్వక సమ్మతి అడుగుతుంది. మంచిచెడులు, దుష్ఫలితాలు ఆమెకు వివరించాలి, ఆమెకు తెలిసిన భాషలో సంతకం తీసుకోవాలి, దాని నకలు ఆమె చేతికివ్వాలి. భర్త అన్న మాట అక్కడ లేదు. గర్భస్రావానికీ అంతే, మైనరు కాని, మతిస్థిమితం ఉన్న స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు. 2022 సెప్టెంబరు 29 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఇది మరింత స్పష్టమైంది. ఇక మీకు 36 ఏళ్లు. పరీక్ష చేయడానికి చట్టం ఒప్పుకునే కారణాల్లో 35 దాటిన వయసు ఒకటి. డాక్టరు ఆ కారణాన్ని రాసిపెట్టుకుంటే ఆయన వైపు నుంచీ లోటు లేదు. భర్త సంతకం కావాలన్నవాళ్లను, ఏ నిబంధన ప్రకారమో కాగితం మీద రాసిమ్మనండి. చాలాచోట్ల ఆ ప్రస్తావనతోనే సంతకం అవసరం మాయమవుతుంది.

అయితే విడాకుల బెదిరింపును పూర్తిగా తీసిపారేయకండి. వైద్యపరమైన కారణం లేకుండానో, భర్త సమ్మతి లేకుండానో, ఆయనకు తెలియకుండానో భార్య గర్భస్రావం చేయించుకుంటే అది మానసిక క్రూరత్వం కావచ్చని 2007లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఉదాహరణగా చెప్పింది. పరీక్ష చేయించుకోవడం గర్భస్రావం కాదు, ఆ మాట ఇక్కడ వర్తించదు. కానీ రేపు ఎటు పోతుందో తెలియదు కాబట్టి ఇవాళే జాగ్రత్తపడాలి. ఫలానా తేదీన, ఫలానా కారణంతో, డాక్టరు సలహామీద పరీక్షకు వెళ్తున్నానని మీ ఆయనకు ఒక మెసేజ్ పెట్టండి. అనుమతి అడగకండి, తెలియజేయండి. కోపతాపాలు అందులో రాయకండి. అది రేపు కోర్టులో చదువుతారు అనుకుని రాయండి.

ఇప్పుడు ఆ బంధువు చెప్పిన దారి. ఆ మనిషి ఫోన్ నంబరు మీ దగ్గరుంటే చెరిపేయండి, అతనితో ఒక్క మాట కూడా వద్దు. ఆడో మగో చెప్పడం, చెప్పించుకోవడం, అందుకు సాయపడటం అన్నీ 1994 చట్టం కింద నేరాలే. అది పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరం, బెయిలు హక్కుగా దొరకదు, తర్వాత రాజీ కుదరదు. లింగ నిర్ధారణ కోరి వెళ్లినవాళ్లకు మొదటిసారే మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా. భర్తో అత్తమామలో బలవంతపెట్టారని చట్టం ముందుగా అనుకుంటుంది, బలవంతంగా వెళ్లిన స్త్రీని వదిలేస్తుంది. కానీ మీ విషయంలో బలవంతం ఎక్కడ? మీ ఆయన వద్దంటున్నాడు, మీరే వెళ్తున్నారు. మీకున్న ఆ ఒక్క రక్షణనూ మీ చేతులతోనే పోగొట్టుకుంటారు.

దానికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి. రేపు ఇద్దరిలో ఒకరికే జబ్బుందని తేలి, ఒక పిండం విషయంలోనే నిర్ణయం తీసుకోవాల్సి వస్తే, అంతకుముందే ఎవరు ఆడ, ఎవరు మగ అని మీకు తెలుసన్న ఆధారం ఒక్కటి బయటపడితే చాలు. జబ్బు కోసం వెళ్లిన మీరు, ఆడపిల్లను వదిలించుకోవడానికి వచ్చినావిడగా కనబడతారు. ఏ డాక్టరూ మిమ్మల్ని ముట్టుకోడు. ముట్టుకున్నవాడు మీతోపాటే ముద్దాయి అవుతాడు. ఇంతా చేసి ఆ విదేశీ కాగితానికి ఇక్కడ విలువ సున్నా.

ఒక్క పిండం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. గర్భస్రావ చట్టం మాట్లాడేది గర్భం గురించే, ఇద్దరిలో ఒకరి గురించి అందులో విడిగా ఒక్క మాట లేదు. ఒకే మాయ అయితే ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి, ఒకరికి చేసింది మరొకరికి తగులుతుంది. అందుకే అలాంటి పని చేయగల ఆసుపత్రి ఏదో, వాళ్లు ఏ కాగితాలు అడుగుతారో సూది పరీక్షకు ముందే కనుక్కోండి. ఫలితం వచ్చాక వెతకడం మొదలుపెడితే ఉన్న ఏడు వారాల్లో రెండు అక్కడే పోతాయి.

సూది పరీక్ష రోజున మీరు గమనించాల్సింది ఒకటుంది. దీన్ని తేలిగ్గా తీసుకుంటే తర్వాత ఏ కోర్టూ దిద్దలేదు. రెండు మాయలైతే రెండు సంచుల నుంచీ రెండు నమూనాలు తీయాలి. ఏ సీసా ఏ బిడ్డదో పక్కాగా రాసి ఉండాలి. తేలిగ్గా గుర్తుపట్టడానికి ఆడ, మగ తేడా పనికొచ్చేదే, కానీ ఇక్కడ అది రాయకూడదు. కాబట్టి పైనున్న బిడ్డ, కిందున్న బిడ్డ, ఎడమ, కుడి, మాయ ముందు గోడకా వెనక గోడకా అని రిపోర్టులో చిన్న బొమ్మ వేసి మరీ రాయమనండి. మొదటి సీసా ఏ సంచిదో ఆ బొమ్మ మీదే గుర్తు పెట్టించండి. ఆ గుర్తు లేకపోతే 'ఒకరికి ఉంది' అన్న ఫలితం వచ్చినా ఆ ఒకరెవరో ఎవరూ చెప్పలేరు. సూది పరీక్షకు మీరిచ్చే సమ్మతి పత్రం, ఫారం జి, దానిమీద సంతకం పెట్టేముందు చదవండి. రెండు నమూనాలకూ సమ్మతి అని అందులో ఉందో లేదో చూడండి. నకలు చేతికి రాకుండా అక్కణ్నుంచి కదలకండి. రక్తపరీక్షకు దేనిమీద సంతకం పెట్టారో గుర్తులేదన్నారు చూడండి, అది మళ్లీ జరగకూడదు.

డాక్టరు మీద కేసు. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందకే వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. గడువు రెండేళ్లు. కానీ మీకు జరిగిన నష్టం ఏమిటో నాకింకా కనబడలేదు. అనుమానం ఉందని పరీక్ష చెప్పింది, తర్వాతి పరీక్ష చేయించుకోమని డాక్టరు చెప్పారు. ఇద్దరిలో ఎవరికో తెలియదని ముందే చెప్పలేదన్న కోపం న్యాయమైనదే, కోపానికి మాత్రం పరిహారం రాదు. బిల్లులు, వాట్సాప్ సంభాషణ దాచి ఉంచండి. ఫోను మార్చకండి. అందులోని మెసేజ్‌లను కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం కావాలి, అసలు ఫోనే లేకపోతే అది కష్టం. ఇంకొక సంగతి, ఈ పరీక్షల రికార్డులు దాచాల్సింది కూడా రెండేళ్లే. కేసు వేస్తే చివరి రోజుదాకా ఆగి వేయకండి.

రేపు పొద్దున్నే మొదటి స్కానింగ్ తీసిన సెంటరుకు వెళ్లండి. ప్రతి గర్భిణి స్కానింగ్‌కూ 1994 చట్టం కింద ఫారం ఎఫ్ అనే రికార్డు నింపడం వాళ్ల బాధ్యత, అందులో ఎన్నో వారమో రాసి ఉంటుంది. అది వాళ్ల దగ్గర ఉండాల్సిందే, లోపముంటే నేరం వాళ్లమీద పడుతుంది. రిపోర్టు నకలు, ఉంటే మిషన్‌లోని బొమ్మలూ కావాలని రెండు కాపీల్లో దరఖాస్తు ఇచ్చి, ఒకదానిమీద ముద్ర వేయించుకోండి. మీ డాక్టరుకూ ఇలాంటిదే ఇవ్వండి. అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 నాటి వైద్యుల నడవడి నియమాల్లో ఉంది. ఇవ్వకపోతే, జిల్లాలో 1994 చట్టాన్ని అమలుచేసే అధికారికి ఆ ముద్ర వేసిన కాపీ జతచేసి ఫిర్యాదు చేయండి. వారాలు మించిపోయి హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే, లాయరు ఫీజు గురించి భయపడకండి. స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా హైకోర్టు న్యాయ సేవల కమిటీ ఉచితంగా లాయరును ఇస్తుంది.

రిపోర్టు దొరికాక 24 వారాలు నిండే తేదీ లెక్కగట్టి, క్యాలెండరులో గీత గీయండి. నాకు మళ్లీ రాసేటప్పుడు మొదటి వాక్యంలో ఆ తేదీ, రెండో వాక్యంలో మాయ ఒకటా రెండా రాయండి. మిగతాదంతా ఆ తర్వాత చదువుతాను.