కిటికీలో గూడబాతు

ప్రశ్న: కావలిలో ఇల్లు కట్టుకుంటున్నాం. మెట్ల దగ్గర కిటికీకి రంగు అద్దాలతో నేలపట్టు పక్షుల కేంద్రంలోని గూడబాతుల (పెలికాన్ల) బొమ్మ పెట్టించాలని నా కోరిక. షాపాయన స్టిక్కర్ చాలు, తేడా తెలీదంటున్నాడు. మా ఆయనేమో అది చర్చిల్లో పెట్టేది కదా అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: తేడా పొద్దున ఏడింటికి తెలుస్తుందమ్మా. స్టిక్కర్‌లో రంగు అద్దం మీద ఉంటుంది. స్టెయిన్డ్ గ్లాస్‌లో గాజు లోపలే ఉంటుంది. కరిగించేటప్పుడే కోబాల్టు కలిపితే నీలం, బంగారం కలిపితే గులాబీ ఎరుపు. ఎండ పడితే ఆ రంగు మెట్ల మీదకి దిగి, పొద్దెక్కేకొద్దీ జరుగుతూ పోతుంది. నేను చూసిన ఒకరింట్లో స్టిక్కర్ మూడో వేసవికే అంచులు లేచి కూర్చుంది.

చర్చి సంగతా? లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బే అనే పెద్ద చర్చిలోనే 2018లో చిత్రకారుడు డేవిడ్ హాక్నీ గీసిన కిటికీ పెట్టారు. అందులో దేవుడి బొమ్మే లేదు, యార్క్‌షైర్ పొలాల్లో విరగబూసిన ముళ్ల పొదలున్నాయి. ఆయన గీసింది ఐప్యాడ్ మీద! మీ ఆయనకి ఇది చెప్పండి.

ఇక బొమ్మ. ముందు పక్షి కాళ్లు తీసేయండి. పుల్లంత సన్నగా గాజు కోస్తే పుటుక్కున విరుగుతుంది. లోపలికి బాగా వంగిన గీత కూడా కట్టర్‌కి లొంగదు. అందుకే ముక్కుకింద సంచిని రెండు మూడు ముక్కలుగా కోసి, అంచులకి రాగి రేకు చుట్టి టంకం వేస్తాం. ఆ నల్లగీతలే బొమ్మకి ఎముకలు. రంగు విషయంలో జాగ్రత్త. నేలపట్టులో, నీళ్లలో పెరిగే కడప అనే చెట్ల మీద గూళ్లు కట్టేది బూడిదరంగు గూడబాతు. నేను మొదటిసారి తెల్లగాజు వేశాను. చూసినాయన హంస అనుకుని సరస్వతీదేవికి దండం పెట్టాడు.

మీరు అడగని మాట ఒకటి. గాజుకి కావలసింది తెల్ల ఇసుక. గూడూరు అవతల చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వి లారీలకెత్తేది అదే. దిబ్బలు పోయి గుంటలు మిగిలిన చోట్లు నేను చూశాను. ఆ తీరం పక్షుల బొమ్మ ఆ తీరం ఇసుకలాంటి దాన్నే కరిగించి చేస్తున్నాం, నేను తినే కూడూ అదే. అందుకని ముక్క పారేయను. మీ బొమ్మలో నీళ్లు పాత కిటికీల పగిలిన గాజుతో వేయించుకోండి, అలల్లా బాగుంటుంది కూడా. ఆ నీళ్ల పక్కన ఒక తవ్విన గుంట వేయమని నా సలహా. కొత్తింటికి అశుభం అని పెద్దవాళ్లంటే మానేయండి, గొడవొద్దు.

టంకంలో సీసం ఉంటుంది. బిగించాక పిల్లలు నోరు పెట్టే ఎత్తులో లేకుండా చూసుకోండి. కొలతలు గచ్చు పూత అయ్యాకే తీయించండి, ముందు తీస్తే ఫ్రేములో పట్టదు. కిటికీ పడమరకైతే రంగులు ముదురువి ఎంచుకోండి. మన మే నెల ఎండకి లేతరంగులు వెలవెలబోతాయి.