టెక్ సందేహాలు: పాత మ్యాక్‌లో విండోస్... తెర మీద గీతలొస్తే తప్పు డ్రైవర్‌దా, చిప్‌దా?

"సార్, నమస్తే. పర్లాకిమిడిలో డీటీపీ షాపు నడుపుతున్నాను. మా దగ్గర శుభలేఖ అంటే ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు. ఆకృతి, అను, పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్లన్నీ నాకు విండోస్‌లోనే అలవాటు. అందుకని 2011 నాటి 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో బూట్ క్యాంప్ (మ్యాక్‌లో విండోస్ వేసుకోనిచ్చే యాపిల్ సాఫ్ట్‌వేర్) పెట్టి విండోస్ 10 వేయించుకున్నాను. ఆ మధ్య ఏదో అప్‌డేట్ అయిన దగ్గర్నుంచి తెర మీద నిలువు గీతలు వస్తున్నాయి. ఒక్కోసారి మొత్తం నల్లబడిపోతోంది. మ్యాక్ వైపు వెళ్తే ఏ తేడా లేదు. గ్రాఫిక్స్ చిప్ కంపెనీ ఏఎండీ సైటు నుంచి కొత్త డ్రైవర్ (చిప్‌ను విండోస్‌తో పని చేయించే సాఫ్ట్‌వేర్) దించి వేయబోతే ఈ కార్డుకు కుదరదంటోంది. మాఘం ముహూర్తాలు దగ్గర పడ్డాయి. మెషీన్ మార్చేయమంటారా?"

మార్చే ముందు ఒక పరీక్ష చేయండి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన మాట "మ్యాక్ వైపు ఏ తేడా లేదు" అన్నది. దాన్ని బట్టి చిప్ బాగానే ఉంది, పాడైంది డ్రైవరే అని ఎవరైనా అనుకుంటారు. ఈ మోడల్‌లో మాత్రం ఆ లెక్క పనికిరాదు.

మీ మెషీన్‌లో గ్రాఫిక్స్ చిప్‌లు రెండు. ఒకటి ప్రాసెసర్‌తో పాటే ఉండే ఇంటెల్ హెచ్‌డీ 3000, రెండోది విడిగా ఉండే ఏఎండీ రేడియాన్. మ్యాక్ వైపు మామూలు పనులన్నీ ఇంటెల్ మీదే నడుస్తాయి, బరువు పని తగిలినప్పుడే రేడియాన్ లేస్తుంది. బూట్ క్యాంప్‌లో విండోస్ ఎక్కినప్పుడు ఇంటెల్ చిప్ అసలు కనపడనే కనపడదు. పొద్దున్నుంచి రాత్రి దాకా భారమంతా రేడియాన్ మీదే. కాబట్టి రేడియాన్ చెడిపోతున్నా మ్యాక్ వైపు బయటపడదు, విండోస్‌లోనే బయటపడుతుంది. పైగా 2011 నాటి 15, 17 అంగుళాల మోడళ్లలో ఈ చిప్ పాడవడం ఊరూరా జరిగింది. యాపిల్ 2015 ఫిబ్రవరిలో వీటికి ఉచిత రిపేరు కూడా ప్రకటించింది. ఇప్పుడు ఆ గడువు దాటిపోయింది.

ఆ పరీక్ష ఇదీ. మ్యాక్ వైపు వెళ్లి సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో ఎనర్జీ సేవర్ తెరవండి. పైన 'ఆటోమేటిక్ గ్రాఫిక్స్ స్విచింగ్' అని ఉంటుంది. దాని పక్కన టిక్ తీసేయండి. ఇక మ్యాక్ కూడా రేడియాన్ మీదే నడుస్తుంది. షాపులో ఇంకో మానిటర్ ఉంటే అదీ తగిలించండి, ఈ మోడల్‌లో బయటి మానిటర్‌కు బొమ్మ రేడియాన్ నుంచే వెళ్తుంది. ఫొటోషాప్‌లో నాలుగు పెద్ద ఫైళ్లు తెరిచి ఓ గంట పని చేసుకోండి. గీతలు అక్కడా వచ్చాయంటే, లేదా ఆన్ చేయగానే వచ్చే బూడిదరంగు తెర మీద యాపిల్ గుర్తుకు అడ్డంగా గీతలు కనపడ్డాయంటే, అది చిప్. ఏ డ్రైవరూ దాన్ని బాగుచేయదు.

అలా తేలితే దయచేసి చిప్ వేడి చేయించే పనికి పోకండి. నేను చేసిన పొరపాటు కనుకే చెబుతున్నాను. ఇలాంటి మెషీన్‌నే ఒక మెకానిక్ చిప్ వేడి చేసి నడిపించి ఇచ్చాడు. 4,500 రూపాయలు తీసుకున్నాడు. మూడు నెలలు నడిచి, సరిగ్గా పని మీద ఉండగా మళ్లీ అవే గీతలు. ఆ డబ్బుకు కొంచెం కలుపుకుంటే వాడిన విండోస్ డెస్క్‌టాప్ వస్తుంది. మీ ఆకృతికి, అనుకు అది చాలు.

గంట గడిచినా గీత రాలేదనుకోండి, అప్పుడు డ్రైవర్ సంగతి చూద్దాం. మీరు కొత్త డ్రైవర్ దించారు, అందుకే అది కుదరదంది. పాత మ్యాక్‌కు కొత్తది మంచిది కాదు, ఆ చిప్‌కు కంపెనీ ఇచ్చిన ఆఖరిది మంచిది. రేడియాన్ 5000, 6000 వరసలను ఏఎండీ 2015లోనే పాత జాబితాలోకి తోసేసింది. వీటికి స్థిరంగా నడిచే ఆఖరి డ్రైవర్ 2015 జులైలో వచ్చిన కేటలిస్ట్ 15.7.1. అది ఏఎండీ సొంత సైటులోనే దొరుకుతుంది. 'డ్రైవర్ అప్‌డేటర్' అని ఊరించే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లకండి.

ముందు ఆ ఫైలును డెస్క్‌టాప్ మీద పెట్టుకోండి. డీడీయూ, అంటే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్, అదీ దించి పెట్టుకోండి. తర్వాత నెట్ తీసేయాలి. ఇది మాత్రం మరవకండి. నెట్ ఉంటే మీరు పాతది తీసిన మరుక్షణం విండోస్ తనకు తోచిన డ్రైవర్ తెచ్చి పెట్టేస్తుంది, మీరు చేసిందంతా గంగపాలు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొడితే నీలం తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాకా వెళ్లి మళ్లీ రీస్టార్ట్ చేసి 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే అత్యవసరమైనవి మాత్రమే నడిచే విండోస్ వస్తుంది. అందులో డీడీయూ నడిపి ఏఎండీ డ్రైవర్‌ను ఆనవాళ్లతో సహా తీసేయండి.

మళ్లీ మామూలుగా ఎక్కగానే అక్షరాలు లావుగా, పలచగా కనపడతాయి. తెర వెలుతురు మీటలు పనిచేయవు. కంగారు పడకండి, డివైస్ మేనేజర్‌లో 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటుంది, ఈ దశలో అలాగే ఉండాలి. ఇప్పుడు కేటలిస్ట్ వేయండి. అది కూడా మొరాయిస్తే ఇన్‌స్టాలర్‌ను మూసేయండి. అప్పటికే అది సీ డ్రైవ్‌లో ఏఎండీ అనే ఫోల్డర్‌లోకి ఫైళ్లన్నీ విప్పి పెట్టి ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో ఆ అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, లెట్ మీ పిక్, హ్యావ్ డిస్క్ అని ఆ ఫోల్డర్ చూపించండి. జాబితాలో మీ చిప్ పేరు ఉన్నదాన్నే ఎంచుకోండి.

అదీ కుదరకపోతే యాపిల్ ఇచ్చిన డ్రైవరే దిక్కు. మ్యాక్ వైపు బూట్ క్యాంప్ అసిస్టెంట్ తెరిచి, యాక్షన్ మెనూలో 'డౌన్‌లోడ్ విండోస్ సపోర్ట్ సాఫ్ట్‌వేర్' నొక్కి పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి. మ్యాక్ వైపు పోయే పరిస్థితి లేనివాళ్లకు బ్రిగేడియర్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది, విండోస్‌లోంచే మీ మోడల్‌కు తగిన ప్యాకేజీని యాపిల్ సర్వర్ నుంచి తెస్తుంది. నెట్ నెమ్మదిగా ఉంటే రాత్రి పెట్టి పడుకోండి.

పని అయ్యాక, నెట్ తగిలించే ముందే డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్ తెరిచి 'నో' పెట్టండి. విండోస్ ప్రో ఉన్నవాళ్లు గ్రూప్ పాలసీలో అప్‌డేట్లతో డ్రైవర్లు రాకుండా ఆపేయడం ఇంకా గట్టిది. మీకు గీతలు అప్‌డేట్ తర్వాతే మొదలయ్యాయి కాబట్టి ఇది వదిలేస్తే వచ్చే నెల మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు.

ఇంకో మాట. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. శుభలేఖలు వేసే మెషీన్‌లో బ్యాంకు పనులు పెట్టుకోకండి. ఖాతాదారుల పెన్‌డ్రైవ్‌లు పెట్టే ముందు స్కాన్ చేయండి.

"బరంపురంలో డిగ్రీ చదువుతున్నాను. మా మావయ్య 2010 నాటి 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో ఇచ్చారు. విండోస్ 11 వేసుకుని ఎన్‌విడియా కొత్త డ్రైవర్ పెట్టుకోవచ్చా?"

వద్దమ్మా. అందులో ఉన్నది కోర్ 2 డుయో ప్రాసెసర్. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి ఆ ప్రాసెసర్‌కు తెలియని ఆదేశాలు తప్పనిసరి చేశారు. ఏ అడ్డదారిన వేసినా ఆ విండోస్ లేవనే లేవదు. అందులోని జీఫోర్స్ 320ఎం చిప్‌కు ఎన్‌విడియా ఆఖరిగా ఇచ్చింది 342.01, 2016 డిసెంబరులో. చిప్ ఏదో నీకే అనుమానంగా ఉంటే డివైస్ మేనేజర్‌లో ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ చూడు. 'వీఈఎన్' పక్కన 10డీఈ ఉంటే ఎన్‌విడియా, 1002 ఉంటే ఏఎండీ, 8086 ఉంటే ఇంటెల్. నాలుగు జీబీ ర్యామ్ తీసి ఎనిమిది, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకో. నోట్స్ రాసుకోవడానికి, వీడియో పాఠాలకు తేలికపాటి లినక్స్ వేసుకుంటే చక్కగా నడుస్తుంది.

"రాయగడ నుంచి రాస్తున్నాను. ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ కొన్నాను. బూట్ క్యాంప్ ఎక్కడా కనపడటం లేదు."

కనపడదు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌లకే బూట్ క్యాంప్. ఎం1, ఆ తర్వాతి చిప్‌లలో ప్యారలల్స్ లాంటి సాఫ్ట్‌వేర్ లోపల ఆర్మ్ రకం (ఎం1 తరహా చిప్‌ల కోసం చేసిన) విండోస్ 11 నడుపుకోవాలి. ప్యారలల్స్‌కు డబ్బు కట్టే ముందు దాని ట్రయల్ వేసి, మీకు కావలసిన ప్రోగ్రామ్ అందులో తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.