కార్డిఫ్ వెళ్తున్న తమ్ముడికి: శనివారం స్కోర్లు ఎలా చూడాలి

ప్రశ్న: అక్కా, మాది విజయవాడ సత్యనారాయణపురం. ఈ నెలాఖరుకి ఎమ్మెస్సీ చదవడానికి బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్ వెళ్తున్నాను. సోమవారం వచ్చిందంటే క్లాసులోనూ పార్ట్‌టైమ్ పనిలోనూ అందరూ రగ్బీ, ఫుట్‌బాల్ గురించే మాట్లాడుకుంటారని సీనియర్లు చెప్తున్నారు. నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలీదు. ఇవి కూడా నేర్చుకోవాలా?

జవాబు: నేర్చుకో తమ్ముడూ. నేను వేల్స్ నుంచి సంక్రాంతికి గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి మా ఇంటికి వచ్చే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు వీసా గురించి, అద్దెల గురించి, పార్ట్‌టైమ్ గురించి అడుగుతున్నారు. ఆటల సంగతి అడిగింది నువ్వొక్కడివే. నాకు ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

ముందు ఫుట్‌బాల్. ఏ టీమ్ అన్నది తేల్చుకో. ఇక్కడ టీవీలో చూసి మాంచెస్టర్ యునైటెడ్ అనో లివర్‌పూల్ అనో అభిమానం పెంచుకుని వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. నీకూ అలాంటిది ఏదైనా ఉంటే ఉంచుకో, తప్పేం లేదు. కానీ నువ్వు ఉండబోయే ఊరి టీమ్‌ని మాత్రం వదలకు. కార్డిఫ్‌లో నీ పక్కన కూర్చునేవాడి తాత, నాన్న చూసింది కార్డిఫ్ సిటీనే. మాంచెస్టర్ గురించి నువ్వు చెప్పేది అతను టీవీలో వింటూనే ఉంటాడు. "నిన్న మనవాళ్ల గోల్‌కీపర్ బాగా కాపాడాడు కదా" అని చూడు, అక్కడి నుంచి మాట సాగుతుంది.

కార్డిఫ్ సిటీ పెద్దగా గెలిచే జట్టు కాదు. అన్నిటికన్నా పైది ప్రీమియర్ లీగ్, దాని కిందిది ఛాంపియన్‌షిప్. 2024-25 సీజన్‌లో ఆ ఛాంపియన్‌షిప్‌లో 24 జట్లలో ఆఖరున నిలిచి కిందికి పడిపోయింది. పడిపోయిన చోటి పేరు లీగ్ వన్, స్థాయిలో మాత్రం అది మూడోది. ఐపీఎల్‌లో అట్టడుగున ఉన్న జట్టు కూడా వచ్చే ఏడు దర్జాగా అదే టోర్నీ ఆడుతుంది, అక్కడ అలా కుదరదు. ప్రీమియర్ లీగ్‌లోని 20 జట్లలో చివరి మూడూ దిగిపోతాయి, కింది నుంచి మూడు పైకొస్తాయి. అందుకే ఏప్రిల్‌లో టేబుల్ పైభాగం కన్నా కిందిభాగం చూస్తేనే ఎక్కువ టెన్షన్. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. కింద ఉన్న జట్టు పరాయి గ్రౌండ్‌లో 0-0తో బయటపడితే ఆ ఒక్క పాయింట్‌కే జనం పాటలు పాడుకుంటూ ఇంటికొస్తారు. దయచేసి "ఒక్క గోల్ కూడా పడలేదా" అని నవ్వకు.

ఈ క్లబ్ చరిత్రలో ఒక్కటైనా గుర్తుపెట్టుకో. 1927లో ఆర్సెనల్‌ని 1-0తో ఓడించి ఇంగ్లాండ్ నాకౌట్ టోర్నీ అయిన ఎఫ్‌ఏ కప్ గెలిచారు. ఆ కప్పుని ఇంగ్లాండ్ దాటించిన క్లబ్ ఇప్పటికీ అదొక్కటే. ఆ ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర ఈ మాటెత్తితే నీకు కుర్చీ వేస్తారు. వేల్స్‌లోనే ఇంకో ఊరి క్లబ్ స్వాన్సీ సిటీతో పాత వైరం ఉంది, వాళ్ల జెర్సీ వేసుకుని కార్డిఫ్ అభిమానుల స్టాండ్‌లోకి మాత్రం వెళ్లకు. ఫుట్‌బాల్‌లో రెండు జట్ల అభిమానులనీ విడివిడిగా కూర్చోబెడతారు. రగ్బీలో అందరూ కలిసే కూర్చుంటారు.

ఇప్పుడు రగ్బీ. వేల్స్‌కి ప్రాణం ఇదే, నాకూ ఇదే.

స్కోరు అర్థం కావాలంటే లెక్క తెలియాలి. బంతిని గీత దాటించి నేలకి ఆనిస్తే ట్రై, ఐదు పాయింట్లు. ఆ తర్వాత గోల్‌పోస్టుల మధ్య నుంచి తన్నితే కన్వర్షన్, ఇంకో రెండు. ఎదుటి జట్టు తప్పు చేస్తే దొరికే పెనాల్టీ కిక్‌కి మూడు, ఆట నడుస్తుండగానే బంతిని నేలకి తాకించి పోస్టుల మధ్యకి తన్నే డ్రాప్ గోల్‌కి మూడు. జట్టుకి 15 మంది, ఆట 80 నిమిషాలు. ఇంగ్లాండ్ ఉత్తరాన విగన్, లీడ్స్ వైపు వెళ్లిన నీ స్నేహితులు చూసేది వేరే రగ్బీ కావచ్చు. దాన్ని రగ్బీ లీగ్ అంటారు. అందులో 13 మంది, ట్రైకి నాలుగే. 1895లో విడిపోయాయి రెండూ. ఫోన్లో వాళ్లతో వాదన పెట్టుకునే ముందు ఎవరు ఏది చూస్తున్నారో కనుక్కో.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో సిక్స్ నేషన్స్ జరుగుతుంది. ఇంగ్లాండ్, స్కాట్లాండ్, ఐర్లాండ్, వేల్స్, ఫ్రాన్స్, 2000 నుంచి ఇటలీ. నువ్వు దిగిన కొద్ది రోజులకే మొదలవుతుంది. ఇందులో గెలుపుకి నాలుగు పాయింట్లు. నాలుగు ట్రైలు చేస్తే ఒక బోనస్, ఏడు లేదా అంతకన్నా తక్కువ పాయింట్ల తేడాతో ఓడితే ఇంకో బోనస్.

2024 ఫిబ్రవరి 3న కార్డిఫ్‌లో జరిగిన వేల్స్, స్కాట్లాండ్ మ్యాచ్ చూడు. ఫలితం 26-27, వేల్స్ ఓటమి. పేపర్లో ఈ రెండు అంకెలే చూసినవాడికి హోరాహోరీగా సాగినట్టు కనిపిస్తుంది. నిజానికి రెండో సగం మొదట్లో వేల్స్ 0-27తో వెనకబడి ఉంది. స్టేడియంలో జనం ఇక అయిపోయిందనుకున్నారు. అక్కడి నుంచి వరుసగా నాలుగు ట్రైలు! నాలుగు ట్రైలకి ఇరవై, మూడు కన్వర్షన్లకి ఆరు, మొత్తం 26. తప్పిపోయిన ఆ నాలుగో కన్వర్షన్ పడి ఉంటే స్కోరు 28 అయ్యేది. ఓడినా రెండు బోనస్ పాయింట్లూ వచ్చాయి. మూడు ట్రైలే చేసిన స్కాట్లాండ్‌కి నాలుగు. ఒక్క స్కోరులో ఇంత కథ ఉంటుంది తమ్ముడూ, అందుకే ఎవరు గెలిచారో చూసి ఫోన్ పక్కన పెట్టేయకు. ట్రైలు ఎన్ని, సగం ఆటకి స్కోరెంత, ఆ రెండూ చూడు. అవి తెలిస్తే సోమవారం నీ ప్రశ్న అక్కడివాళ్ల ప్రశ్నలాగే ఉంటుంది.

ఆ తర్వాత వచ్చిన రోజులు చాలా చేదువి. ఈ ఓటమినీ కలుపుకుని వరుసగా 18 టెస్టులు (రగ్బీలో దేశాల మధ్య మ్యాచ్‌లనీ అలాగే అంటారు) ఓడిపోయారు. 2025 మార్చి 15న కార్డిఫ్‌లోనే ఇంగ్లాండ్ చేతిలో 14-68. ఆ అంకె రాయాలంటే ఇప్పటికీ నాకు చెయ్యి రాదు. ఆ సోమవారం మా పనిచోట ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. 2025 జూలైలో జపాన్‌లోని కోబేలో 31-22తో గెలిచాకే ఆ వరుస తెగింది. అలాంటి రోజుల్లో "ఆటే కదా, వదిలేయండి" అనకు. ప్రపంచకప్ ఫైనల్లో ఇండియా ఓడిన మర్నాడు ఆ మాట నీతో అంటే నీకెలా ఉంటుందో వాళ్లకీ అలాగే ఉంటుంది.

మాట కలపడానికి మనకి ఒక మంచి దారి ఉంది. ఇంగ్లాండ్, స్కాట్లాండ్ పోటీపడే కలకత్తా కప్ మన దేశంలో పుట్టింది. కలకత్తాలోని రగ్బీ క్లబ్ మూతపడినప్పుడు 1878లో బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు కరిగించి చేయించారు. పట్టుకునే పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. చాలామంది ఆంధ్రా పిల్లలకి ఈ సంగతి తెలీదు, తెలిసి వెళ్తే బావుంటుంది.

ఒక విచిత్రం. శనివారం అక్కడ మధ్యాహ్నం మూడింటికి జరిగే ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌ని ఇక్కడ మీ నాన్నగారు చలికాలంలో రాత్రి ఎనిమిదిన్నరకి టీవీలో లైవ్ చూడొచ్చు. అక్కడున్న నువ్వు చూడలేవు. గ్రౌండ్‌లకి జనం తగ్గకూడదని ఆ సమయంలో ప్రసారం ఆపే నియమం దశాబ్దాలుగా ఉంది. అందరూ రేడియో వింటారు. నువ్వూ విను, అక్కడి యాస చెవికి పడుతుంది.

పందేల విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నా. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ బెట్టింగ్ నిషేధం, అక్కడ 18 దాటితే చట్టబద్ధమే. మెయిన్‌రోడ్డు మీదే షాపులుంటాయి. ఐదారు మ్యాచ్‌ల ఫలితాలు కలిపి చిన్న మొత్తం పెడితే పెద్ద మొత్తం వస్తుందని ఆశపెడతాయి. అమ్మానాన్న పొలం మీదో ఇంటి మీదో తెచ్చిన ఫీజు డబ్బులు అలా పోగొట్టుకున్న పిల్లలని చూశాను. సరదాకి కూడా వద్దు. తోటివాళ్లు పెడుతుంటే నీకు అలవాటు లేదని చెప్పు, ఎవరూ బలవంతం చేయరు.

మ్యాచ్ రోజు ఊరు ఎలా ఉంటుందో మీ అమ్మగారికీ చెప్పు, కంగారు పడకుండా ఉంటారు. ప్రిన్సిపాలిటీ స్టేడియం ఊరి నడిబొడ్డున, రైల్వే స్టేషన్‌కి నడిచివెళ్లేంత దూరంలో ఉంది. 74 వేల మంది పడతారు. చుట్టుపక్కల వీధులు మూసేస్తారు, బస్సులు దారి మళ్లిస్తారు, సాయంత్రం రైలెక్కాలంటే పెద్ద క్యూ. ఆ రోజు ఎయిర్‌పోర్ట్ ప్రయాణం, ఇల్లు మారడం పెట్టుకోకు. జనం బాగా తాగుతారు, కానీ అల్లరి తక్కువ. నువ్వు కూల్‌డ్రింక్ పట్టుకుని నిలబడినా ఎవరూ ఏమీ అనరు. హోటళ్లలో ఆ శనివారాలు పని ఎక్కువ, అదనపు గంటలు అడుగుతారు. స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే చేయాలి, మ్యాచ్ ఉందని దాటకు.

సిక్స్ నేషన్స్ టికెట్లు చాలా ఖరీదు, మొదటి ఏడాది వాటి జోలికి వెళ్లొద్దు. ఆ స్టేడియం పక్కనే కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్ ఉంది. కార్డిఫ్ రగ్బీ క్లబ్ మ్యాచ్‌లు అక్కడే ఆడతారు, టికెట్ ధర చాలా తక్కువ. లావు జాకెట్, లోపల స్వెటర్ వేసుకుని వెళ్లు. పక్క సీట్లో పెద్దాయనెవరైనా ఉంటే రిఫరీ ఎందుకు విజిల్ వేశాడో అడుగు, ఓపిగ్గా చెప్తారు.