పడని ఇద్దరు దొంగలను కలపాలంటే, పగని చల్లారనివ్వకండి

మాయలూ మంత్రాలూ ఉన్న లోకంలో ఒకరంటే ఒకరికి పడని ఇద్దరు దొంగలు కలిసి పెద్ద దోపిడీ చేయాలి, వాళ్లు చేతులు కలిపారంటే పాఠకుడు నమ్మేలా ఎలా రాయాలని అడిగారు. మాది విజయనగరం. ఇలాంటి నవలే ఒకటి రాసి ముగించాను, అందులో బాగా పనికొచ్చిన సంగతి చెబుతాను. వాళ్ల పగ తీర్చడానికి తొందరపడకండి. ఆ పగ లేకపోతే దొంగతనమే జరగని పరిస్థితి కల్పించండి.

మా వైపు పగలకు కొదవ లేదు. 1757 జనవరి 24న విజయనగరం రాజు విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసి బొబ్బిలి కోట మీద పడ్డాడు. కోట కూలింది. ఆ తర్వాత బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజును చంపాడు. నా నవలలో దొంగ బొబ్బిలివాడు, అతని శత్రువు విజయనగరం అమ్మాయి. విజయనగరం కోట కింద ఒక గది ఉంది (ఇది నా కల్పనే). రెండు ఊళ్లవాళ్లూ ఒకేసారి చెయ్యేస్తేనే తలుపు తెరుచుకుంటుంది, అదీ వాళ్ల మనసుల్లో పగ ఉన్నంతసేపే. పగ తగ్గిందా, తలుపు మూసుకుంటుంది. లోపలున్నవాళ్లు లోపలే.

ఈ ఒక్క నియమంతో కథ దానంతట అదే నడిచింది. ఆమె కాలికి దెబ్బ తగిలి అతను కట్టు కడుతుంటే చదివేవాళ్లకి టెన్షన్, ఎందుకంటే తలుపు కదలడం మొదలైంది. అప్పుడతను, "నువ్వంటే నాకు నమ్మకం ఏటీ నేదు. తలుపు కోసరమే వచ్చినాను" అంటాడు. అది అబద్ధమని పాఠకుడికి తెలుసు, ఆమెకి తెలియదు. పేజీలకొద్దీ క్షమాపణల కంటే ఆ ఒక్క మాట బలమైనది.

దొంగతనానికి ముహూర్తం కూడా మీ ఊళ్లోనే వెతకండి. నేను పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం తీసుకున్నాను. దసరా తర్వాత వచ్చే మంగళవారం, పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుంటే, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ఆ మూడు తిరుగుళ్లే నా దొంగలకు గడియారం. మాను దగ్గరికొచ్చినప్పుడు లక్షల మంది తలెత్తి దండం పెడతారు, నేల మీద ఏం జరుగుతోందో చూసేవాడుండడు. పైగా పైడితల్లి విజయరామరాజు చెల్లెలేననీ, బొబ్బిలి మీదికి యుద్ధానికి వెళ్లొద్దని అన్నని బతిమాలిందనీ మావాళ్లు చెబుతారు. పగ వద్దన్న తల్లి పండగరోజే పగని కాపాడుకోవలసి రావడం, నాకు ఈ నవలంతటిలో ఎక్కువ ఇష్టమైన విషయం.

మా మావయ్యది బొబ్బిలి. చిత్తుప్రతి వినిపిస్తుంటే మధ్యలో ఆపి, దొంగలు ఎత్తుకొచ్చే సొత్తు గురించి "అది తీసినాక ఎవుడింట్లో ఉంటాది?" అని అడిగారు. మీరూ మొదటి అధ్యాయం రాయకముందే దీనికి జవాబు తేల్చుకోండి. సొత్తు పంచుకోవడానికి వీలైనదైతే ఇద్దరూ భాగస్తులైపోతారు, పోటీ చచ్చిపోతుంది. ముక్కలు చేయలేని వస్తువు పెట్టండి. దాన్ని ఎత్తుకుపోవడానికి ఇద్దరి దగ్గరా చెరో రహస్య పథకం ఉండాలి. ఒకరిది పాఠకుడికి ముందే చెప్పండి, రెండోది గది బయటికి వచ్చేదాకా దాచండి.