ముందు ఆ 7 నిమిషాల సేవ్ తీసెయ్యి

చిన్నా,

ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆట గురించి నీ మెసేజ్ చదివాను. తొమ్మిదో లెవెల్లో 7 నిమిషాలు మిగిలి ఉండగా సేవ్ చేసుకుని, రోజూ రాత్రి అక్కడి నుంచే మొదలుపెట్టి, రోజూ అక్కడే చస్తున్నావు. ఆ సేవ్ వదిలెయ్యి. నీకు ఆట రాక కాదు. ఇంకా నాలుగు లెవెల్స్ ఉన్నాయి, చివర విలన్ జఫర్ ఉన్నాడు. 7 నిమిషాల్లో అదంతా దాటడం ఆట మొత్తం కంఠతా వచ్చినవాళ్ల పని, మొదటిసారి అక్కడిదాకా వెళ్తున్నవాడి పని కాదు.

ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో ప్రాణాలకు లెక్క లేదు, టైముకే లెక్క. ఎన్నిసార్లు చచ్చినా అదే లెవెల్ మళ్లీ ఆడనిస్తుంది. కానీ పన్నెండు లెవెల్స్‌కీ కలిపి ఇచ్చింది 60 నిమిషాలే, అవి కరిగిపోతూనే ఉంటాయి. సేవ్ చేసినప్పుడు దాచుకునేది కూడా ఏ లెవెల్లో ఉన్నావు, ఎన్ని నిమిషాలు మిగిలాయి, లెవెల్ మొదట్లో ఎంత బలం (స్క్రీన్ కింద కనిపించే ఎర్ర త్రికోణాలు) ఉంది, అంతే. సగం దూరం వచ్చాక కంట్రోల్-జి నొక్కావనుకో, నడిచిన దూరం పోతుంది, ఖర్చయిన నిమిషాలు మాత్రం ఖర్చులోనే ఉంటాయి. అందుకే కొత్త లెవెల్లో కాలు పెట్టగానే సేవ్ చెయ్యి. ఆ క్షణం దాటిపోతే ఇక చెయ్యకు.

చచ్చిన తర్వాత నువ్వు చేసేది కూడా మార్చుకోవాలి. వెంటనే బటన్ నొక్కి కొనసాగిస్తున్నావు కదా, అక్కడే నిమిషాలు పోతున్నాయి. కంట్రోల్-ఆర్ కొట్టి మొదటి స్క్రీన్‌కి వెళ్లు, కంట్రోల్-ఎల్‌తో సేవ్ తెరువు. పోయిన నిమిషాలు తిరిగొస్తాయి. ఇందులో మోసమేం లేదు, ఆట తయారుచేసినవాళ్లే ఇచ్చిన సదుపాయం. డాస్ (విండోస్‌కి ముందు పాత కంప్యూటర్లలో నడిచిన సిస్టమ్) వెర్షన్ ఒకే ఒక్క సేవ్ ఫైల్ పెట్టుకుంటుంది, కొత్తది చేస్తే పాతది పోతుంది. కాబట్టి ప్రతి లెవెల్ మొదట్లో ఆ ఫైల్‌ని ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, పేరులో లెవెల్ నంబరు, మిగిలిన నిమిషాలు రాసి పెట్టుకో. అదే లెవెల్‌కి ఇంకా మంచి టైముతో వస్తే పాత కాపీ తీసెయ్యి.

మూడో లెవెల్ వచ్చేదాకా సేవ్ చెయ్యనివ్వదు. అంటే కొత్తగా మొదలుపెట్టిన ప్రతిసారీ మొదటి రెండు లెవెల్స్ ఆడాల్సిందే. అవే నీకు బోర్ కొడుతున్నాయని రాశావు. అమీర్‌పేటలో నేను డాస్, లోటస్ స్ప్రెడ్‌షీటు పాఠాలు చెప్పే రోజుల్లో ల్యాబ్ అయ్యాక పిల్లలు ఇదే ఆడేవాళ్లు. ఎక్కువమంది మూడో లెవెల్ అస్థిపంజరం కబుర్లే చెప్పుకునేవాళ్లు. చివరిదాకా వెళ్లిన ఒకరిద్దరు మాత్రం మొదటి లెవెల్లో కత్తి ఎంత తొందరగా తీసుకున్నారో చెప్పుకునేవాళ్లు. నా లెక్కలో నాలుగో లెవెల్లోకి వెళ్లేసరికి నీ చేతిలో 50 నిమిషాలు ఉండాలి. తగ్గితే మొహమాటం లేకుండా మళ్లీ మొదటి నుంచి. స్పేస్ నొక్కితే ఎంత టైముందో కనిపిస్తుంది, కానీ మాటిమాటికీ చూడకు, టెన్షన్ పెరుగుతుంది.

ఇక చేతుల సంగతి. నువ్వు కొత్త ఆటలు ఆడి వచ్చావు, కీ నొక్కగానే మనిషి ఆగాలనుకుంటావు. ఇందులో ఆగడు. ఈ ఆట చేసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరిగెత్తడం, దూకడం వీడియో తీసి, ఆ ఫ్రేములు చూసి బొమ్మలు గీశాడు. 1989లో అంత సహజంగా కదిలే మనిషిని స్క్రీన్ మీద చూడటం పెద్ద విశేషం. కానీ నిజం మనిషిలాగే వీడికి కూడా పరుగు ఆపుకోవడానికి కాస్త జాగా కావాలి. అందుకే అంచు కనిపించాక కీ వదిలితే గోతిలో పడతాడు. షిఫ్ట్ పట్టుకుని చిన్న అడుగులు వేస్తూ అంచుదాకా వెళ్లు, దూరం చూసుకుని దూకు. ముళ్ల మీదుగా కూడా అలా మెల్లగా నడిస్తే ఏమీ కాదు. ఒక అంతస్తు నుంచి పడితే పర్లేదు, రెండైతే ఒక బలం పోతుంది, మూడైతే చచ్చినట్టే.

ల్యాప్‌టాప్‌లో విండోస్ సెట్టింగ్స్‌కి వెళ్లి స్టిక్కీ కీస్ ఆఫ్ చెయ్యి. కత్తియుద్ధంలో షిఫ్ట్ ఐదుసార్లు వరసగా నొక్కగానే అది ఆన్ చెయ్యాలా అని అడిగే బాక్సు వచ్చి అడ్డం నిలబడుతుంది, ఈలోగా గార్డు పని కానిచ్చేస్తాడు. కుదిరితే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీలో వైరున్న మామూలు కీబోర్డు ఒకటి కొనుక్కో.

యుద్ధంలో నువ్వు ముందు పొడవకు. గార్డు దెబ్బ వేసేటప్పుడు పై బాణంతో అడ్డుకుని, ఆ వెంటనే షిఫ్ట్ కొట్టు. గార్డు వెనక గొయ్యి ఉంటే చంపడానికి తొందరపడకు, నెట్టుకుంటూ వెళ్లు. అస్థిపంజరానికైతే అదొక్కటే మందు, ఎన్ని పోట్లు పొడిచినా అది చావదు.

పెద్ద సీసా కనిపిస్తే వదలొద్దు, అది తాగితే ఒక బలం శాశ్వతంగా పెరుగుతుంది. కానీ తాగాక అదే లెవెల్లో చస్తే మళ్లీ తాగాల్సిందే. నీలి బుడగల సీసా విషం. ఐదో లెవెల్లో అచ్చం నీలాగే ఉండే నీడ మనిషి వచ్చి సీసా తాగేస్తుంది, దానికోసం పరిగెత్తి టైము పాడుచేసుకోకు. ఆరో లెవెల్ చివర్లో ఆ నీడే గేటు మూసేస్తే కింద పడిపోతావు. అది ఓడిపోవడం కాదు, ఏడో లెవెల్‌కి దారే అది. ఎనిమిదిలో గేటు వెనక ఇరుక్కున్నప్పుడు కంగారుపడి లెవెల్ మళ్లీ మొదలుపెట్టకు. కాసేపు కదలకుండా నిలబడు, యువరాణి పంపిన ఎలుక వచ్చి బటన్ తొక్కుతుంది. ఇంత ముద్దొచ్చే సాయం ఇంకే ఆటలోనూ నేను చూడలేదు.

ఎస్‌డీఎల్‌పాప్ అని అభిమానులు చేసిన కొత్త రూపం ఒకటుంది. అందులో ఎప్పుడంటే అప్పుడు సేవ్ చేసుకోవచ్చు. మూడో లెవెల్ గేటు దగ్గర దూకుళ్లు ప్రాక్టీసు చెయ్యడానికి వాడుకో. ఆట పూర్తిచేయడం మాత్రం పాతదాంట్లోనే చెయ్యి. వీడియోలు చూడటం తప్పా అని అడిగావు. దారి తెలియని చోట చూసుకో, నాకు అభ్యంతరం లేదు.

పన్నెండో లెవెల్ నీ అంతట నువ్వే కనిపెట్టాలనుకుంటే ఈ పేరా చదవకు. నాలుగో లెవెల్లో అద్దంలోంచి నువ్వు దూకినప్పుడు బయటికొచ్చిన నీడ ఇక్కడ కత్తి దూస్తుంది. దాన్ని పొడిస్తే దెబ్బ నీకే తగులుతుంది. కింది బాణం నొక్కి కత్తి దించు, అదీ దించుతుంది. అప్పుడు నేరుగా దానిలోకి నడువు, ఇద్దరూ ఒకటవుతారు. ఆ తర్వాత ఎడమవైపు నేల లేని చోటికి ధైర్యంగా పరిగెత్తు, అడుగు వేసిన చోటల్లా నేల పుడుతుంది. అక్కడ ఆగి ఆలోచిస్తే జఫర్‌కి మిగలాల్సిన నిమిషాలు పోతాయి.

ఆదివారం రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగు, భోజనం మా ఇంట్లోనే. ల్యాప్‌టాప్ తెచ్చుకో. మొదటి మూడు లెవెల్స్ నా ముందు ఆడు, ఎక్కడ నిమిషాలు పోతున్నాయో చూస్తాను. మీ బాబాయి పక్కన కూర్చుని సలహాలిస్తారు, అవి మాత్రం పట్టించుకోకు.

పిన్ని