కిటికీలో పోస్టర్ ఎక్కడికి పోయింది

తమ్ముడూ,

నీ వ్యాసం మొన్న నైట్ డ్యూటీ నుంచి వచ్చి ఒకసారి చదివా, మళ్ళీ ఇవాళ పొద్దున టీ తాగుతూ ఇంకోసారి చదివా. జవాబు లేట్ అయింది, ఏమనుకోకు. "బ్రిటన్ ఓటరు భ్రమనిరసనం, ప్రత్యామ్నాయ అన్వేషణ" అని టైటిల్ చూడగానే ముందు నవ్వొచ్చింది. కోప్పడకు, నేనూ నీ వయసులో ఇలాంటివే పెట్టేదాన్ని, మాట ఎంత పొడుగుంటే అంత బరువనుకునేదాన్ని. భ్రమనిరసనం అని ఇంట్లో ఎవరైనా అనగా విన్నావా ఎప్పుడైనా? మా అమ్మయితే "మనసు విరిగిపోయిందే" అంటుంది. పాలు విరిగినట్టు. విరిగాక ఎంత కాచినా మళ్ళీ పాలు కావు కదా, నువ్వు మూడు పేజీల్లో చెప్పబోయింది ఆ ఒక్క మాటలో ఉంది. ప్రత్యామ్నాయం సంగతీ అంతే. మనకి దిక్కు అనే మాట ఉంది, వెళ్ళే వైపూ దిక్కే, ఆదుకునే మనిషీ దిక్కే. ఇక్కడ బ్రిటన్‌లో నలభై ఏళ్ళు లేబర్ పార్టీకి ఓటేసినవాళ్ళని కాస్త కదిపి చూడు, ఎటు పోవాలో తెలీకపోవడం, ఎవరూ లేకపోవడం, రెండూ ఒకే వాక్యంలో వినిపిస్తాయి.

సరే, అసలు విషయం. నీ మొదటి లైను "ప్రజలు లేబర్ పార్టీతో విసిగిపోయారు". కొట్టెయ్. తప్పని కాదు, ఏ ప్రజలో తెలీట్లేదు. ఇంకోటి, విసుగు అనాలంటే ముందు ఇష్టం ఉండాలిగా, అది ఉందా అని నువ్వు చూడలేదు. 2024 జూలై 4న లేబర్ 411 సీట్లు కొట్టింది, నిజమే, టీవీల్లో సునామీ అన్నారు. కానీ వచ్చిన ఓట్లు 33.7 శాతం, సొంత మెజారిటీతో ప్రభుత్వం పెట్టినవాళ్ళెవరికీ ఇంత తక్కువ వాటా రాలేదు. ఓట్ల లెక్కలో చూస్తే 2019లో ఘోరంగా ఓడిపోయినప్పుడు వచ్చినవాటికంటే కూడా తక్కువే. పోలింగ్ అరవై శాతం దగ్గరే ఆగింది. అంటే జనం వీళ్ళని నెత్తిన పెట్టుకోలేదు, పద్నాలుగేళ్ళు ఐదుగురు ప్రధానుల్ని మార్చిన కన్జర్వేటివ్‌లని దింపడానికి చేతికందిన కర్ర వీళ్ళు, అంతే. నువ్వు ప్రత్యామ్నాయం వెతుకులాట ఇప్పుడు మొదలైనట్టు రాశావు, నాకు మాత్రం ఈ అధికార పార్టీయే ఆ వెతుకులాటలో మొన్న దొరికిన ప్రత్యామ్నాయం అనిపిస్తుంది. అక్కడ్నుంచి పట్టుకుంటే వ్యాసం వేరే దారిలో పోతుంది చూడు.

వింటర్ ఫ్యూయల్ గురించి ఒక్క లైనులో తేల్చేశావు, అది నాకు నచ్చలేదు. గెలిచి నెల కూడా తిరక్కుండా, 2024 జూలై 29న, పెన్షనర్లకి చలికాలం హీటింగ్ కోసం ఇచ్చే రెండొందలో మూడొందలో పౌండ్లు, పెన్షన్ క్రెడిట్ లాంటివి తీసుకునే బాగా పేదవాళ్ళకి తప్ప అందరికీ తీసేస్తున్నాం అని ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ చెప్పింది, సుమారు కోటి మందికి పోయింది. సెప్టెంబర్ వచ్చేసరికి ప్రధాని స్టార్మర్ సూట్లు, కళ్ళజోళ్ళు ఒక పార్టీ దాత కొనిపెట్టినవని పేపర్లనిండా అదే గోల. రూల్ ప్రకారం డిక్లేర్ చేసినవేలే, దొంగతనం కాదు. కానీ మా వార్డులో ఉన్న ఒక ముసలాయన, ఎనభై దాటాయి, మాస్కు పక్కకి లాగి మరీ నాతో అన్నాడు, నా హీటర్ ఆపేసి ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు అని. రెండిటికీ లింకు లేదని ఆయనకీ తెలుసు. మనసులో మాత్రం లింకు పడిపోయింది, ఇక తెగదు. 2025 జూన్‌లో ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఏడాదికి 35 వేల పౌండ్ల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకి మళ్ళీ ఇస్తాం అంది. ఆయన ఓటు వెనక్కొచ్చిందా అంటే రాలేదు. డబ్బు ఇచ్చేయొచ్చు గానీ ఆ మాట ఎలా వెనక్కిస్తారు. పాలసీ గురించి రాసేటప్పుడు ఈ హీటర్, కళ్ళజోడు లాంటి జతలు వెతుక్కో, ఒక్క జత దొరికితే పేరా అదే నడుస్తుంది.

అన్నిటికంటే ఆశ్చర్యం ఏంటంటే నువ్వుండేది బర్మింగ్‌హామ్‌లో, అదీ పెర్రీ బార్‌లో, నీ వ్యాసంలో బర్మింగ్‌హామ్ ఒక్కసారి కూడా రాలేదు! లండన్ వెస్ట్‌మినిస్టర్ గురించే రాశావు, నువ్వు అక్కడికి ఒక్కసారే వెళ్ళావు, అదీ ఫోటోలకి. నీ కిటికీ తీస్తే కథ. మీ నియోజకవర్గంలో 2001 నుంచి ఉన్న లేబర్ ఎంపీని 2024లో ఒక ఇండిపెండెంట్ 507 ఓట్లతో ఓడించాడు, గాజా మీద లేబర్ వైఖరి అందులో పెద్ద కారణం. మీ సిటీ కౌన్సిల్ లేబర్ చేతిలో ఉండగానే, 2023 సెప్టెంబర్‌లో డబ్బుల్లేవని సెక్షన్ 114 నోటీసు ఇచ్చి చేతులెత్తేసింది, తర్వాతేడు కౌన్సిల్ టాక్స్ దాదాపు పది శాతం పెంచింది, ఆ పై ఏడు మళ్ళీ ఏడున్నర. ఇక బిన్ల సంగతి నీకు నేను చెప్పాలా, చెత్త ఎత్తేవాళ్ళు 2025 మార్చి 11 నుంచి పూర్తి సమ్మెకి దిగారు, మొన్న ఫోన్లో ఎలుకలు పిల్లుల సైజులో ఉన్నాయక్కా అని నువ్వే అన్నావు. ఇప్పుడు చూడు ఇందులో ఉన్న తమాషా. లేబర్ పార్టీ పుట్టిందే యూనియన్లు, సోషలిస్టు సంఘాలు కలిసి, 1900లో. ఆ సమ్మెకి దిగిన యునైట్ యూనియన్ అంటే లేబర్‌కి ఏళ్ళ తరబడి డబ్బు పోసిన యూనియన్. జీతాల్లో కోత పడుతుందని ఆ యూనియన్ మనుషులు లేబర్ కౌన్సిల్ మీదే సమ్మె కట్టారు, 2025 జూలైలో అప్పటి ఉప ప్రధాని ఏంజెలా రేనర్ సభ్యత్వాన్నే సస్పెండ్ చేసి, అసలు పార్టీతో మన సంబంధం ఏంటో మళ్ళీ చూసుకోవాలి అని తీర్మానం కూడా పెట్టారు. తల్లీ కూతుళ్ళ మధ్య చెత్తబుట్ట పెట్టి చూపించావనుకో, అంతకంటే ఏం కావాలి పాఠకుడికి.

ఓట్లు ఎటు పోతున్నాయి అనే భాగంలో ఫరాజ్ ఒక్కడే కనపడ్డాడు నీకు. వలసలు ఆపాలనే ఆయన పార్టీ రిఫార్మ్ పెద్ద సంగతే, కాదనను. 2025 మే 1న రన్‌కార్న్ ఉప ఎన్నికలో ఆరంటే ఆరు ఓట్లతో గెలిచారు, ఏడాది ముందు అక్కడ లేబర్ మెజారిటీ 14,696. మా ఫ్లాట్లలో ఒక ఫ్లోర్ మొత్తం ఆ రోజు పొద్దున లేవకపోయుంటే పోయేది సీటు. అదే రోజు డర్హమ్ కౌంటీ కూడా వాళ్ళ చేతికొచ్చింది, బొగ్గుగనుల ఊళ్ళు, 1919లో లేబర్ మొట్టమొదట గెలిచిన కౌంటీ కౌన్సిల్ అదే. కానీ అక్టోబర్‌లో వేల్స్ పార్లమెంటుకి జరిగిన కేర్‌ఫిల్లీ ఉప ఎన్నికకి వచ్చేసరికి కథ తిరగబడింది. నూరేళ్ళ లేబర్ కోటలో లేబర్‌కి 11 శాతం, రిఫార్మ్ 36, గెలిచింది వేల్స్ జాతీయవాదుల పార్టీ ప్లయిడ్ కమ్రీ 47తో, అదీ దశాబ్దాలుగా అక్కడే నిలబడి ఓడిపోతూ వచ్చిన డెబ్భై రెండేళ్ళ పెద్దాయన. ఆ 47లో ఎంతమంది వేల్స్ జాతీయవాదం మీద ప్రేమతో వేశారు, ఎంతమంది రిఫార్మ్ రాకూడదని వేశారు? బయటికి వచ్చిన కారణం ఒకటి, వేసిన ఓటు ఇంకోటి. నీలాంటివాడు రాయాల్సింది ఈ రెండిటి మధ్య దూరం గురించి. జాక్ పొలాన్‌స్కీ లీడర్ అయ్యాక గ్రీన్ పార్టీ సభ్యత్వం లక్ష దాటేసింది. లేబర్ పాత నాయకుడు కోర్బిన్, లేబర్ వదిలేసిన ఎంపీ జారా సుల్తానా కలిసి కొత్త పార్టీ అన్నారు, పేరు సరిగ్గా పెట్టుకోకముందే సభ్యత్వాల వెబ్‌సైట్ దగ్గర కొట్టుకున్నారు, దాని గురించి నేను ఎక్కువ చెప్పను, ఆలూ లేదు చూలూ లేదు సామెత మనకి ఉండనే ఉంది. ఇక ఏ దిక్కూ నచ్చక సోఫాలోంచి లేవనివాళ్ళు, వాళ్ళకి ఇక్కడ నోటా బటన్ కూడా లేదు, కోపమొస్తే బ్యాలెట్ మీద ఏదైనా బూతు రాసి చెల్లకుండా చేయడమే. అందరిదీ ఒకే డైలాగ్ మాత్రం, ఆ తానులో ముక్కలే అని.

నువ్వు రిఫార్మ్‌ని 1983 ఎన్టీఆర్ గాలితో పోల్చావు చూడు, అక్కడ కొంచెం ఆగాలి. పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకి 294లో రెండొందలకి పైగా సీట్లు, మనవాళ్ళకి ఒళ్ళు పులకరిస్తుంది నిజమే. కానీ అదే 1983లో, జూన్‌లో, ఇక్కడ లేబర్‌లోంచి విడిపోయినవాళ్ళు పెట్టిన ఎస్‌డీపీ, లిబరల్స్‌తో కలిసి 25.4 శాతం తెచ్చుకుంది. లేబర్‌కి 27.6. సీట్లెన్నో తెలుసా, లేబర్‌కి 209, వీళ్ళకి 23! ఎక్కువ ఓట్లొచ్చినవాడిదే సీటు అనే పద్ధతి రెండు చోట్లా ఒకటే, మనకి వచ్చిందే వీళ్ళ దగ్గర్నుంచి. ఆ పద్ధతిలో గాలి ఊరంతా సమానంగా వీస్తే లాభం లేదు, ఒక గీత దాటేదాకా ఏమీ రాదు, దాటాక వరదే. ఇరవయ్యారేళ్ళ తర్వాత ప్రజారాజ్యానికి 18 సీట్లే ఎందుకొచ్చాయో తలుచుకో, అర్థమవుతుంది. 2024లో రిఫార్మ్‌కి 40 లక్షల పైన ఓట్లు, 5 సీట్లు, అంతకంటే తక్కువ ఓట్లతో లిబరల్ డెమోక్రాట్లకి 72. పోలిక పెట్టు, కానీ పూర్తిగా పెట్టు, సగం పోలిక చదివినవాళ్ళని తప్పుదారి పట్టిస్తుంది.

నాదొక సిగ్గుమాలిన కథ చెప్తా, ఎవరికీ చెప్పకు. 2010లో టీవీ డిబేట్ల తర్వాత లిబరల్ డెమోక్రాట్ల నాయకుడు నిక్ క్లెగ్ అంటే ఊగిపోయారు జనం, నేనూ ఊగా. అప్పటికి ఇక్కడికి వచ్చి ఏడెనిమిదేళ్ళు. ఒక సంఘం వాళ్ళ పత్రికకి నాలుగు పేజీల వ్యాసం రాశా, ఇదిగో మూడో దారి, ఇక రెండు పార్టీల రోజులు పోయాయి అని. ఆ డిసెంబర్‌లోనే, ఫీజులు పెంచనివ్వం అని సంతకాలు పెట్టిన ఆ పార్టీ ప్రభుత్వంలో కూర్చుని యూనివర్సిటీ ఫీజుని తొమ్మిది వేల పౌండ్లకి, అంటే దాదాపు మూడింతలకి పెంచడానికి ఒప్పుకుంది. 2015లో 57 సీట్లు కాస్తా 8 అయ్యాయి. ఆ పత్రిక ఇప్పటికీ మా ఫ్రెండ్ వాళ్ళ అటకమీద ఉందట, పార్టీకి పిలిచినప్పుడల్లా తీసి చదువుతానని బెదిరిస్తది. నా తప్పు క్లెగ్‌ని నమ్మడం కాదనుకో, ఓటరుగా నమ్మొచ్చు. రాసేదాన్ని కదా, పక్కన నిలబడి నమ్ముతున్నవాళ్ళ మొహాలు చూడకుండా నేనే చప్పట్లు కొడుతూ కూర్చున్నా. నీ చివరి పేరాలో పొలాన్‌స్కీ గురించి ఆ చప్పట్లు వినపడ్డాయి నాకు, అందుకే చెప్తున్నా.

ఇంకో మాట, కొంచెం ఇబ్బందిగానే. మనవాళ్ళ గురించి అసలు రాయలేదు. 2025 మే నెలలో ప్రభుత్వం వైట్ పేపర్ వచ్చి, ఐఎల్ఆర్‌కి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతికి, ఆగాల్సిన ఐదేళ్ళని పదేళ్ళు చేస్తాం అన్నప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ నిద్రపోలేదు, సెప్టెంబర్‌లో రిఫార్మ్ వాళ్ళు అసలు ఐఎల్ఆరే ఎత్తేస్తాం అన్నారు. మన నర్సులు, కేర్ హోముల్లో పిల్లలు, ఐటీ వాళ్ళు ఎంత భయపడ్డారో నీకు తెలుసు. కానీ అదే గ్రూపుల్లో సిటిజన్‌షిప్ వచ్చి స్థిరపడినవాళ్ళు కొందరు, ఇక చాలు ఆపేయాలి, ఫరాజ్ చెప్పేదీ నిజమే అని పెట్టారు కదా. జనరల్ బోగీలోకి తోసుకుని ఎక్కినవాడే తలుపు దగ్గర నిలబడి లోపల ఖాళీ లేదు అనడం మనం చిన్నప్పట్నుంచి చూస్తున్నదే. వాళ్ళని తిట్టొద్దు, ఆ తలుపు దగ్గర వాళ్ళకి ఏం భయమో రాయి.

అన్నట్టు నువ్వు వ్యాసమంతా "వాళ్ళు" అని రాశావు, ఇక్కడ ఓటర్లు, వాళ్ళ బాధ, వాళ్ళ నిర్ణయం. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఉన్నా కామన్‌వెల్త్ దేశం కాబట్టి వీసాతో ఉంటున్న నీకు ఇక్కడ ఓటుంది, పార్లమెంటుకి కూడా. క్రెడిట్ స్కోర్ పెరుగుతుందని ఎవడో చెప్తే ఓటర్ల లిస్టులో పేరు ఎక్కించుకుని, ఓటు మాత్రం వేయని మన స్టూడెంట్లు ఎంతమందో! నువ్వూ అందులో ఒకడివని నా అనుమానం. ఈసారి మీ దగ్గర ఏ ఎలక్షన్ వచ్చినా వెళ్ళు. ఫోటో ఐడీకి మన పాస్‌పోర్ట్ చాలు. వేలికి సిరా పెట్టరు, మెషీన్ ఉండదు, చర్చి హాల్లోనో స్కూల్లోనో చిన్న చెక్క బూత్, తాడుకి కట్టిన పెన్సిల్. ఎవరికి వేస్తావో నాకు అనవసరం. ఆ పెన్సిల్ పట్టుకుని అందరి పేర్లూ చదివాక ఎంతసేపు చెయ్యి ఆగిందో చూసుకో, నీ వ్యాసంలో మొదటి లైను బహుశా అక్కడ దొరుకుతుంది.

మళ్ళీ రాసి పంపు. ఈసారి మీ ఎదురింటి ముసలామె దగ్గర మొదలుపెట్టు. ఫోన్లో చెప్పావు, ఆవిడ ప్రతి ఎలక్షన్‌కీ లేబర్ పోస్టర్ కిటికీకి పెడుతుందట, ఈమధ్య తీసేసిందట, ఇంకేదీ పెట్టలేదట, గాజు మీద అంటించిన బ్లూటాక్ జిగురు మరకలు నాలుగు మూలలా అలాగే ఉన్నాయని అన్నావు. అంత మంచిది ఫోన్లో చెప్పి వ్యాసంలోకి రానివ్వలేదు చూడు! ఎలుకల సంగతి మాట్లాడే వంకతో వెళ్ళు, ఎవరికి వేస్తారు అని మాత్రం అడక్కు, పోస్టర్ తీసింది ఎప్పుడో అడుగు, తీశాక ఏం చేసిందో అడుగు. చెత్తలో పడేసిందా, దాచిందా. చెత్తలో వేస్తే తీసుకెళ్ళేవాళ్ళు కూడా లేరు కదా మీ వీధిలో.

ఉంటా,
అక్క