తిరుమల ఘాట్ రోడ్డులోని ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ, ఫాల్ట్ ఒకటేనా?

ఒకటి కాదు. ఫాల్ట్ అంటే రాయి విరిగి పక్కకో, కిందికో జరిగిన చోటు. అన్‌కన్‌ఫార్మిటీ అంటే కింది రాయికీ పై రాయికీ నడుమ గడిచిన కాలానికి రాళ్లలో దాఖలా లేకుండా పోయిన హద్దు. ఆర్కియన్ అనే అతి పాత యుగపు రాళ్ల మీది హద్దు కాబట్టి దీన్ని ఎపార్కియన్ అంటారు.

ఇక్కడ కిందున్నది గ్రానైట్. అది భూమి లోపల గట్టిపడి, పైకి లేచి, ఎండకీ వానకీ అరిగి చదునైంది. ఆ తర్వాతే దానిమీద నీళ్లు నిలిచి, ఇసుక పేరుకుని, బిగిసి నగరి క్వార్ట్‌జైట్ అయింది. మధ్యలో గడిచిన కాలం 50 కోట్ల ఏళ్లకు తక్కువ ఉండదని అంచనా. అలాగని సందేమీ కనిపించదు, రెండు రాళ్లూ అతుక్కునే ఉంటాయి.

గుర్తుపట్టడానికి డైకులు, అంటే పాత రాతి పగుళ్లలోకి కరిగిన రాయి చొరబడి గట్టిపడిన గోడల్లాంటి పట్టీలు, చూడాలి. గ్రానైట్‌ను కోసుకుంటూ వచ్చిన నల్లటి డోలరైట్ డైకులు ఆ హద్దు దగ్గరే తెగిపోతాయి, క్వార్ట్‌జైట్‌లోకి పోవు. అంటే డైకులు చొరబడి, గ్రానైట్‌తోపాటు అరిగాకే పైన ఇసుక పడింది. అదే ఫాల్ట్ అయితే హద్దు వెంబడి నలిగిన రాయి, ఒరుసుకున్న నున్నటి చారలు కనిపించాలి.

శిలాతోరణమే ఈ అన్‌కన్‌ఫార్మిటీ అని చాలామంది పొరబడతారు. అది కొండమీద క్వార్ట్‌జైట్ కోసుకుపోయి మిగిలిన సహజ కమాను. ఈ హద్దు మాత్రం ఘాట్ రోడ్డు కోసం తొలిచిన చరియలో కనిపిస్తుంది.